పోలమ్మ పులుసులో ఉప్పు

డాక్టర్ సుభద్ర గారిని ప్రశ్న అడగడం తేలికే, జవాబు రాబట్టడమే కష్టం. విశాఖపట్నంలో ఆవిడ దగ్గర దంతవైద్యం నేర్చుకునే పిల్లలు ఏటా ఈ సంగతి కొత్తగా చేరినవాళ్ళకి అప్పజెప్పి మరీ వెళ్తారు. అడిగినవాడి ముఖంలోకి ఆవిడ కాసేపు చూస్తారు, కళ్ళజోడు తుడుచుకుంటారు, ఆ తర్వాత దానితో ఏ సంబంధమూ లేని పని ఒకటి పురమాయిస్తారు. ఆ పని చేసొచ్చినవాళ్ళలో కొందరికి జవాబు దొరికేది. మిగిలినవాళ్ళకి కాళ్ళనొప్పులు దొరికేవి.

శశాంక్ ఆవిడ శిష్యుల్లో చురుకైనవాడు. పొగాకు మీద ఏ మూల కొత్త పరిశోధన అచ్చయినా రెండోపూటకల్లా చదివేసేవాడు. పొగ తాగేవాళ్ళ గాయాలు ఆలస్యంగా మానతాయని, నిద్ర పలచబడుతుందని, ఎముకలు గుల్లబారతాయని, ఈ మధ్య తేలినవన్నీ అతని నాలుక చివరే ఉండేవి. ఆ నాలుకకి కాస్త తొందర కూడా ఉండేది.

ఆ రోజు భీమిలి దాటాక ఒక మత్స్యకారుల ఊళ్ళో వైద్య శిబిరం పెట్టారు. అక్కడి పెద్దవయసు ఆడవాళ్ళకి చుట్టను తిప్పి కాల్చడం అలవాటు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూస్తారు. అలాగైతే సముద్రం గాలికి నిప్పు ఆరదు, నెత్తిన చేపల తట్ట ఉన్నా చుట్ట పట్టుకోవడానికి చెయ్యి అక్కర్లేదు. దాన్ని అడ్డపొగ అంటారు. ఆ సెగకి అంగిలి ఏళ్ళ తరబడి కాగుతూనే ఉంటుంది. మైలపల్లి పోలమ్మ అంగిలి మీద పోయినసారి వచ్చినప్పుడు తెల్లటి మచ్చ ఒకటి ఉండేది. ఈసారి ఆ తెలుపు మధ్యలో ఎర్రగా కందిన చోటు కనిపించేసరికి శశాంక్ టార్చి దగ్గరగా పెట్టి మళ్ళీ చూశాడు. ఇప్పుడు మానితే అది వెనక్కి తగ్గవచ్చు. మానకపోతే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు.

అతను భయపడే చెప్పాడు. పాపం, ఆ భయం ఆమె చెవికి కసురుకున్నట్టు వినపడింది. పుండ్లు పడిన నోళ్ళ బొమ్మలు ఫోనులో ఒక్కొక్కటే జరుపుతూ చూపించాడు. నూటికి ఇంతమంది అని లెక్కలు చెప్పాడు. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళందరూ మెడలు సాచి చూశారు. పోలమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంతా విన్నది.

"మాయమ్మ తాగినాది, మాయమ్మ తల్లీ తాగినాది. నాకొక్కదానికే వచ్చీసిందేటి బావూ సావు?" అని నవ్వింది. వరసంతా నవ్వింది. ఆ మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదామని శశాంక్ అంటే, "తరవాత సూద్దుంలే" అని లేచింది. పోతూ పోతూ సుభద్ర గారి వైపు తిరిగి, "డాకటరమ్మా, మజ్జానం మాయింట్లోనే బువ్వ. ఆ కుర్రోడినీ తీసుకురా, సిక్కిపోయున్నాడు" అంది.

శశాంక్ ముఖం మాడిపోయింది. చేతి తొడుగులు విప్పుకుంటూ, "మేడమ్, మేలు కోరి ఉన్న నిజం ఉన్నట్టు చెప్తే మనుషులు ఎందుకు వినరు?" అని అడిగాడు.

సుభద్ర గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఆకలేస్తోంది. పద, పోలమ్మ ఇంటికి వెళ్దాం" అన్నారు.

పోలమ్మ మొగుడు ఎల్లాజీ ఒకప్పుడు సముద్రం మీద తిరిగినవాడు. ఇప్పుడు గడపలో కూర్చుని చిరిగిన వలలు బాగుచేస్తున్నాడు. అతని పాదాలు ఉబ్బి ఉండడం, గోడ గూట్లో బీపీ మాత్రలు ఉండడం శశాంక్ లోపలికి వస్తూనే చూశాడు. ముగ్గురినీ చాప మీద కూర్చోబెట్టి, పళ్ళేలు కడిగి తెచ్చి, పోలమ్మ కానాగడత చేపల పులుసు వడ్డించింది. తను తర్వాత తింటానంది. పులుసు వాసనకి శశాంక్‌కి పొద్దుటి కోపం సగం తగ్గింది.

మొదటి ముద్దకే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉప్పు! ఉత్త ఉప్పు. సముద్రంలో మునిగి నోరు తెరిచినట్టుంది. పక్కకి చూస్తే సుభద్ర గారు నిదానంగా కలుపుకుని తింటున్నారు. ఎల్లాజీ వంచిన తల ఎత్తకుండా తింటున్నాడు.

"ఎలాగుంది డాకటరమ్మా? ఉప్పూ పులుపూ సరిపోయినాయేటి?" అని పోలమ్మ అడిగింది. ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంది.

"నన్నెందుకు, ఆ అబ్బాయిని అడుగు. ఉన్నది ఉన్నట్టు చెప్తాడు" అన్నారు సుభద్ర గారు.

శశాంక్ నోరు తెరిచాడు. పోలమ్మ ముఖం చూశాడు. "చాలా బాగుంది మామ్మా" అన్నాడు.

పోలమ్మ పొంగిపోయి ఇంకాస్త అన్నం తేవడానికి లోపలికి వెళ్ళింది. ఆమె వీపు తిరగడం ఆలస్యం, ఎల్లాజీ చెంబులో నీళ్ళు కాసిని పులుసులో ఒంపుకుని గబగబా కలిపేశాడు. ఆ వేగం చూస్తే రోజూ చేసే పనేనని తెలిసిపోతోంది. ఆ వేళ మాత్రం అదృష్టం బాగాలేదు. గరిటె మరిచిపోయిన పోలమ్మ వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏటది మావా? పులుసులో నీలేటి?"

ఎల్లాజీ చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది. "కారం..." అన్నాడు.

"కారానికి నీలు పోసుకునీవోడివా నువ్వు?"

"ఉప్పు. రవ్వంత ఎక్కువైనాదిలేవే."

"ఈయాలేనా?" ఎల్లాజీ పళ్ళెం పక్కకి జరిపాడు. "ఎన్నాల్ల నుంచి మావా?"

"సిన్నదాని పెల్లికి ముందు నుంచి" అన్నాడు ఎల్లాజీ. "సెప్తే నువ్వింక పొయ్యి ముట్టవు. పులుసొండిన పూట నీ మొకం ఎలాగుంటాదో నాకు తెలీదేటి?"

పోలమ్మ గుమ్మానికి ఆనుకుని కూలబడింది. ఒకప్పుడు ఆ పేటలో ఎవరింట పెళ్ళయినా పులుసు ఆమె చేత్తోనే కాగాలి. రానురాను పిలవడం మానేశారు. కొత్త కోడళ్ళకి గర్వమని ఆమె ఇన్నేళ్ళూ తిట్టుకుంది. ఇప్పుడు అసలు సంగతి తెలిసింది. దానికంటే పెద్ద సంగతి గూట్లో మాత్రలు చూశాక తెలిసింది.

"ఆ మాత్తర్లు మింగుతా ఈ ఉప్పు తిన్నావా మావా! నా సేత్తో నానే పెట్టీసినానా!" అని నెత్తి కొట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటూ శశాంక్ వైపు చూసింది. "నువ్వు సదువుకున్నోడివి గదా బావూ. నువ్వూ బాగుందన్నావు."

పొగ ఎక్కువగా తాగేవాళ్ళ నాలుకకి ఉప్పదనం తెలియాలంటే మామూలుకన్నా ఎక్కువ ఉప్పు కావాలని ఈ మధ్య వచ్చిన పరిశోధన అతను చదివాడు. కాలేజీలో అందరి ముందూ దాని గురించి మాట్లాడి చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు. అదే సంగతి పళ్ళెంలో ఎదురుపడితే గుర్తుపట్టలేకపోయాడు. సిగ్గుపడ్డాడు. చెయ్యి కడుక్కోవడం కూడా మరిచి, వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నీ చేతిలో వంట ఎక్కడికీ పోలేదు మామ్మా. ఆ నిప్పు నీ నాలుకని మొద్దుబార్చేసింది. మానేస్తే కొన్ని వారాలకి రుచి తెలుస్తుంది."

"వత్తాదా? నిజంగా?"

"ఇందాక అబద్ధం చెప్పాను. ఇది నిజం."

పోలమ్మ బొడ్డున దోపుకున్న సగం కాలిన చుట్ట తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మొగుడి చేతిలో పెట్టింది. "ఇది దాసీయ్. ఏడిసినా ఇయ్యకు" అంది. ఎల్లాజీ దాన్ని జాగ్రత్తగా మాత్రల వెనక పెట్టాడు. ఆ సాయంత్రం ఆమె తనంతట తనే శిబిరానికి వచ్చి, "ఆ ముక్కేటో తీసీసుకో" అని నోరు తెరిచింది.

పరీక్షలో చెడు ఇంకా మొదలవలేదని తేలింది. వర్షాలు వెనకపట్టాక గురువూ శిష్యుడూ మళ్ళీ ఆ ఊరు వెళ్ళారు. పోలమ్మ మధ్యలో ఒకసారి తప్పింది. అక్క పోయిన రోజు ఆపుకోలేక తాగేసిందట, ఆ సంగతి తనే ముందుగా చెప్పింది. అంగిలి మీద తెలుపు ఇంకా ఉంది, ఎరుపు మాత్రం బాగా వెలిసిపోయింది. చూపించుకుంటూ ఉండాలని శశాంక్ చెప్పాడు. ఈసారి ఫోను తియ్యలేదు.

మధ్యాహ్నం అదే చాప, అదే పులుసు. పోలమ్మ అడగకముందే శశాంక్ ఒక ముద్ద తిని, "మామ్మా, ఉప్పు కొంచెం తక్కువైంది" అన్నాడు.

పోలమ్మ పగలబడి నవ్వింది. "నాకు తెలీదేటి? నోట్లో ఏసుకుంటే నాకూ సప్పగానే తగిలినాది. మావ కోసం తగ్గించినాను బావూ" అని అతని పళ్ళెం అంచున చిటికెడు ఉప్పు పెట్టింది. ఎల్లాజీ చెంబు ముట్టుకోకుండా ఆ పులుసు ఆఖరి చుక్క దాకా తిన్నాడు.

తిరుగుదారిలో జీపు భీమిలి దాటింది. శశాంక్ మెల్లగా, "ఆ రోజు ఉప్పు సంగతి చెప్పలేకపోయాను మేడమ్. అన్నం పెట్టిన మనిషి చిన్నబుచ్చుకుంటుందేమోనని నోరు రాలేదు" అన్నాడు.

సుభద్ర గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ పొద్దున అందరి ముందూ బొమ్మలు చూపించినప్పుడు నోరు బాగానే వచ్చిందే" అన్నారు.