ముందు ముసలి చెయ్యి

అనగనగా ఒక ఏటిగట్టు పల్లె. మన ముత్తాతలు ఉయ్యాల్లో ఊగిన కాలం. ఆ పల్లెలో గాజుల వీరాయమ్మ ఉండేది. గాజుల మలారం భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది.

ఒక ఏడు మశూచి టీకాలాయన వచ్చాడు. పిల్లలకు వేసి, వీరాయమ్మనూ రమ్మన్నాడు.

"కాటికి కాళ్లు చాపుకున్నదాన్ని, నాకెందుకయ్యా?" అంది.

ఆ ఊళ్లో మశూచి సోకిన ఇంట్లో వేపమండతో విసిరేది ముసలివాళ్లే. బతకాల్సినవాళ్లు దూరంగా ఉండాలి, బతికేసినవాళ్లు దగ్గరుండాలి. అదీ ఆచారం. ఆ వేసవిలో మశూచి వచ్చింది. వీరాయమ్మ పక్కింట్లో విసిరింది. కొన్నాళ్లకు ఒళ్లు కాగింది. ఎండదెబ్బ అనుకుంది. పురిటికొచ్చిన కూతురి పసిగుడ్డును ఒళ్లోంచి దించలేదు.

పసిది పోయింది. వీరాయమ్మ ఒంటికన్నుతో మిగిలింది.

"నువ్వే తెచ్చావమ్మా" అని కూతురు అత్తారింటికి వెళ్లిపోయింది. మళ్లీ గడప తొక్కలేదు.

వీరాయమ్మ మలారం ఎత్తుకుంది. సీమంతానికి ఎవరు పిలిచినా ఒకటే మాట: "ముందు ముసలి చెయ్యి చూపించండి. టీకా మచ్చ ఉంటేనే గాజుల చెయ్యి పడతాను."

మొదటి ఇంటి ముసలమ్మ నవ్వింది, నవ్వి వేయించుకుంది. రెండో ఇంటి ముసలమ్మ తిట్టింది, తిట్టి వేయించుకుంది. మూడోది పెద్దకాపు ఇల్లు. ఆయన తల్లి గంగాయమ్మ కస్సుమంది.

"శుభమా అని పిలిస్తే చావు కబుర్లా, ఒంటికన్నుదానా! కాటికి కాళ్లు చాపుకున్నదాన్ని, నాకెందుకే?"

"మీకు కాదమ్మగారూ. మీ ఒళ్లోకి వచ్చే పసిదానికి."

"పోవే. సంతలో గాజులకు కరువా?"

సంత గాజులే తొడిగారు.

మశూచి మళ్లీ వచ్చింది. నవ్విన ఇంట్లో ఉయ్యాల ఊగింది. తిట్టిన ఇంట్లో ఉయ్యాల ఊగింది. పెద్దకాపు ఇంట్లో ఉయ్యాల విప్పేశారు.

గంగాయమ్మకు విసరడానికి వీరాయమ్మే వెళ్లింది. ఒకసారి వచ్చి పోయినదానికి అది మళ్లీ రాదు.

"ఇప్పుడు వేయించుకుంటానే" అంది గంగాయమ్మ.

వీరాయమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. పొక్కు లేని చోటు లేదు. తెల్లారేదాకా విసురుతూనే ఉంది.

వీరాయమ్మ పోయిన రోజు కూతురు రాలేదు. టీకా మచ్చలున్న ముసలి చేతులే పాడె మోశాయి.

ఇప్పుడు మశూచి లేదు. ముసలివాళ్లకు వేరే సూదులొచ్చాయి. అయినా ఆ పల్లెలో కడుపుతో ఉన్న పిల్లకు గాజులు తొడగాలంటే, ఇంట్లో పెద్దవాళ్లు ముందు సూది వేయించుకున్న జబ్బ చూపించాలి. ఏ ముసలమ్మైనా "కాటికి కాళ్లు చాపుకున్నదాన్ని..." అని మొదలుపెట్టిందా, గాజులామె పెట్టె మూసేస్తుంది.