సత్రం అరుగు మీద గవరమ్మ

దిక్కులేనివాళ్ళకి సత్రంలో బియ్యం కొలవమని రాజుగారు ఏనాడో చెప్పారు. కొలిచే అధికారం కామేశంగారిది. ఎవరొచ్చినా ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడి ఒకటే ప్రశ్న వేసేవారు: "ఎలా వచ్చావు?"

నడిచొచ్చానంటే, "కాళ్ళున్నాయిగా, పని చేసుకో ఫో" అనేవారు. ఎవరైనా మోసుకొస్తే, "మోసేవాళ్ళున్నారుగా, ఇక దిక్కులేకపోవడమేమిటి?" అనేవారు. అందుకని గాదె ఎప్పుడూ నిండుగానే ఉండేది. తన రాజ్యంలో దిక్కులేనివాళ్ళే లేరని రాజుగారు మురిసిపోయేవారు.

ముసలి గవరమ్మ మొదటిసారి కర్ర ఊతంతో నడిచొచ్చి, ఉత్త చేతులతో తిరిగెళ్ళింది. తర్వాత పొరుగింటాయన జాలిపడి వీపున వేసుకొచ్చాడు. అప్పుడూ అంతే. ఇంకోసారి మళ్ళీ నడిచే వచ్చింది. కామేశంగారు మళ్ళీ ఆ కాళ్ళ మాటే అని, తాళం వేసుకుని ఇంటికెళ్ళిపోయారు. గవరమ్మకి వాదించే ఓపిక లేదు. తిరిగి ఇంటిదాకా నడిచే ఓపిక అంతకన్నా లేదు. సత్రం అరుగు మీదే కొంగు పరుచుకుని పడుకుంది.

తెల్లారి కామేశంగారు వచ్చి తాళం తీస్తూ, అలవాటు కొద్దీ అడిగారు: "ఎలా వచ్చావు?"

"నేను రాలేదు బాబూ" అంది గవరమ్మ, పడుకునే. "నడిచీ రాలేదు, నన్నెవరూ మొయ్యనూ లేదు. నేనిక్కడే ఉన్నాను. తమరే వచ్చారు."

కామేశంగారి దగ్గరున్నవి రెండే జవాబులు. మూడోది వెతికి, దొరక్క, బియ్యం కొలిచారు.

ఆ సాయంత్రానికి సత్రం అరుగు మీద కాలు పెట్టే చోటు లేదు.