సూరాచారికి జరిగిన సన్మానం

కొత్తరేవులో ఇత్తడి బిందెల కార్ఖానా నడిపే భద్రయ్యకు నలుగురి చేతా మంచివాడనిపించుకోవాలని మహా యావ ఉండేది. ఎండాకాలంలో మజ్జిగ పోయించినా, కుండ కంటే పెద్ద బోర్డు మీద తన పేరు రాయించి పక్కన నిలబెట్టించేవాడు. "మీలాంటి యజమాని ఎక్కడా ఉండరండీ" అని ఎవరైనా అంటే చాలు, ఆ పూట ఆయనకు అన్నం అక్కర్లేదు.

ఆ కార్ఖానాలో సూరాచారి మీసాలు రాకముందు నుంచీ సుత్తి పట్టినవాడు. ఒకరోజు పని వదిలేవేళ అతను వచ్చి భద్రయ్య ముందు నిలబడ్డాడు. అప్పటికే మనిషి సగమైపోయాడు.

"బాబుగారూ, నా కడుపులో ఉన్నది కేన్సరట. ఇక నయం కాదన్నారు," అన్నాడు.

"అయ్యయ్యో! అదేం మాటరా సూరీ!" అన్నాడు భద్రయ్య.

"సుత్తి ఎత్తలేను బాబూ. ఓ మూల పీటేసుకు కూర్చుని, తయారైన బిందెల్లో నీళ్లు పోసి ఎక్కడైనా కారుతోందేమో చూసిపెడతాను. కూలి మీకు తోచినంత ఇవ్వండి. పనిలోంచి నా పేరు మాత్రం తియ్యకండి. పేరుంటేనే కార్మికుల ఆసుపత్రిలో నొప్పికి మందిస్తారు. ఆ మందు లేకపోతే నేను తట్టుకోలేను బాబూ!"

భద్రయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. దొంగ ఏడుపు కాదు, నిజంగానే తిరిగాయి. "నేనుండగా నీకేం భయంరా! నీ చోటు నీదే," అని భుజం తట్టాడు.

మర్నాటి నుంచి సూరాచారి పీట మీద కూర్చుని పని చేశాడు. నొప్పి వచ్చినప్పుడు కాసేపు గోడకు జారబడేవాడు, తగ్గాక మళ్లీ బిందె అందుకునేవాడు. ఆ కొద్దిపాటి పనికే అతని మొహంలో కాస్త కళ ఉండేది.

ఇంతలో పెళ్లిళ్ల రోజులు వచ్చాయి. సరుకు చూడటానికి వచ్చిన వ్యాపారి ఒకడు మూలకేసి చూసి మొహం చిట్లించాడు.

"ఇదేమిటి భద్రయ్యగారూ! పెళ్లికూతురి సారెలో పెట్టే బిందెలు ఆ రోగిష్టి చేత ముట్టిస్తారా? తెలిస్తే మీ సరుకు ఎవరు కొంటారండీ?" అన్నాడు.

భద్రయ్య ఇరకాటంలో పడ్డాడు. ఉంచితే బేరం పోతుంది. పొమ్మంటే పేరు పోతుంది. ఆలోచించగా ఆలోచించగా ఓ ఉపాయం తట్టింది. ఎంత గొప్ప ఉపాయమో చూడండి! సూరాచారికి సన్మానం చెయ్యాలనుకున్నాడు.

కార్ఖానా ముందు షామియానా వేయించాడు. సన్నాయి మేళం పిలిపించాడు. ఊరి పెద్దలంతా వచ్చారు. సూరాచారిని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, జరీ శాలువా కప్పారు. దండ బరువుకే పాపం అతని మెడ వాలిపోయింది.

భద్రయ్య మైకు అందుకుని, "మా సూరాచారి ఇక కష్టపడకూడదు! నేటినుంచి ఇంటిపట్టున హాయిగా విశ్రాంతి తీసుకోవాలి!" అన్నాడు.

చప్పట్లు మోగిపోయాయి. సూరాచారి మొహంలో నెత్తురుచుక్క లేదు. లేచి చేతులు జోడించి, "బాబుగారూ, నేనడిగింది..." అన్నాడు. అతని కన్నీళ్లు చూసి జనం ఆనందబాష్పాలనుకున్నారు. భద్రయ్య మేళగాళ్లకు సైగ చేశాడు. సన్నాయి అందుకుంది.

పనిలోంచి పేరు పోయింది. పేరుతోపాటు మందూ పోయింది. సూరాచారి భార్య మాణిక్యం పరుగున వచ్చి భద్రయ్య కాళ్ల మీద పడింది.

"నలుగురి ముందూ సాగనంపి మళ్లీ చేర్చుకుంటే నవ్వరా అమ్మా? చూద్దాంలే," అన్నాడాయన. ఆ సాయంత్రం బుట్టెడు పళ్లు పంపించాడు. అప్పటికి సూరాచారికి మంచినీళ్లు కూడా గొంతు దిగడం లేదు.

అతని అరుపులు వినలేక ఇరుగుపొరుగు తలుపులు వేసుకునేవారు. భద్రయ్య ఆ వీధిన రావడం మానేసి చుట్టు తిరిగి కార్ఖానాకు వెళ్లేవాడు. అలా అరిచి అరిచి, సూరాచారి ఒక మధ్యాహ్నం పోయాడు.

భద్రయ్య వెళ్లేసరికి శవం మీద ఆ జరీ శాలువా కప్పి ఉంది. "ఎంత మంచి యజమాని! ఎంత గౌరవంగా పంపాడు!" అనుకుంటున్నారు జనం. మాణిక్యం తలెత్తి ఆయన్ను చూసింది.

"శాలువా బాగుంది బాబుగారూ. ఆయన అడిగింది పీట," అంది.

జీవితంలో మొదటిసారి భద్రయ్యకు పొగడ్త వింటే ఒళ్లు మండింది. మర్నాడే ఆ మూల మళ్లీ పీట వేయించాడు. "జబ్బుపడ్డవాళ్లు ఇక్కడ కూర్చుని చేతనైన పని చేసుకోండి. ఎవరి పేరూ తియ్యను!" అని పనివాళ్లందరికీ చెప్పాడు. ఎవరూ తలెత్తలేదు. సుత్తుల చప్పుడు ఆగలేదు.

కొన్నాళ్లకు గవర్రాజు అనే పనివాడు సుత్తి ఎత్తబోయి రక్తం కక్కుకుని కూలిపోయాడు. ఆ జబ్బు ఎన్నాళ్లనుంచో ఉందట, ఎవరికీ చెప్పలేదట. భద్రయ్య అతని తల ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఎందుకు దాచావురా? నీలాంటివాళ్ల కోసమే కదరా పీట వేయించాను!" అని ఏడ్చాడు.

"చెబితే నాకూ సన్మానం చేస్తారేమోనని భయమేసింది బాబూ," అన్నాడు గవర్రాజు. అదే అతని ఆఖరి మాట.

ఆ మూల పీట ఇప్పటికీ ఖాళీగానే ఉంది. దాని మీద కూర్చోవడానికి ఇంతవరకూ ఒక్కరూ ముందుకు రాలేదు.

నీతి: చావుకు దగ్గరైనవాడి చోటు లాగేసుకుని ఎంత గౌరవం చేసినా, అది దయ అనిపించుకోదు.