ఒంటికాలి కావలి

అనగనగా, మన తాతలకు తాతలు కూడా పుట్టని కాలంలో, ఒక జమ్ముచెరువు. ఆ చెరువులో ఒక కొంగల గుంపు.

మధ్యాహ్నం ఎండెక్కితే కొంగలన్నీ ఒంటికాలి మీద నిలబడి కునుకు తీసేవి. ఒక కాలు అలిసిపోతే రెండో కాలు దించేవి. ధవళ అనే కొంగ మాత్రం మేలుకుని అందరికీ కావలి కాసేది. అందరూ లేచాక తను నిద్రపోయేది.

తురాయి అనే కొంగకు ఒక పిల్ల ఉంది. ఒకనాడు అది వేటగాడి ఉచ్చులో ఇరుక్కుంది. ధవళ పరుగున వచ్చి, ముక్కుతో ముడి లాగి పిల్లను తప్పించింది. ఆ తొందరలో ఉచ్చు తన కాలికే బిగుసుకుంది. ప్రాణం దక్కింది గానీ కాలు పోయింది.

ఇక మార్చుకోవడానికి రెండో కాలు లేదు. కునుకు పడితే నీళ్ళలో పడిపోతుంది. పక్కన ఎవరైనా నిలబడితే ఆనుకుని కాసేపు కన్ను మూయవచ్చు. అదేమంత పెద్ద కోరిక, చెప్పండి?

ముందు ముసలి కొంగను అడిగింది. "తాతా, నిన్ను ఆనుకుని నిలబడనా?"

"నా కాళ్ళే వణుకుతున్నాయమ్మా. ఇంకెవరినైనా అడుగు" అంది ముసలి కొంగ.

తర్వాత పొరుగు కొంగను అడిగింది. "వదినా, ఒక్క కునుకు."

"ఇవాళ కునుకంటావు, రేపు చేపలు కూడా పట్టి పెట్టమంటావు" అని అది మొహం తిప్పుకుంది.

చివరికి తురాయి దగ్గరికి గెంతుకుంటూ వెళ్ళింది. తురాయి కాదనదని దాని నమ్మకం.

"అక్కా" అనేలోగానే తురాయి కాలితో తోసేసింది. "నీ కాలు నువ్వే కాచుకోలేకపోయావు, నువ్వేం కావలి? నిన్ను చూస్తే నా పిల్ల జడుసుకుంటోంది. అవతలికి పో."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. కాలు పోయిననాడు ఏడవని ధవళ ఆ రోజు ఏడ్చింది.

వెళ్ళి చెరువు అంచున జమ్ముదుబ్బును ఆనుకుని నిలబడింది. గాలికి ఊగే జమ్ము ఎవరికి ఆసరా? ధవళకు నిద్ర పట్టలేదు. అందుకే చాటున పాక్కుంటూ వస్తున్న వేటగాణ్ణి అదొక్కటే చూసింది.

నోరు మూసుకుని ఊరుకుందామా అనుకుంది. అంతలో నిద్రపోతున్న తురాయి పిల్ల కనిపించింది. ధవళ గొంతు చించుకుని అరిచింది.

గుంపంతా ఎగిరిపోయింది. ఒంటికాలితో నేలను తన్ని పైకి లేవడం ధవళకు చేతకాలేదు.

పొద్దువాలాక కొంగలు తిరిగి వచ్చాయి. జమ్ము దగ్గర కొన్ని తెల్లటి ఈకలున్నాయి.

"అమ్మా, రేపు మనకు కావలి ఎవరు?" అని పిల్ల అడిగింది.

మరునాటి నుంచి ఆ చెరువులో ఏ కొంగా కునుకు తీయలేదట. రెండు కాళ్ళ మీదా నిలబడి, కళ్ళు తెరుచుకుని, ఎండలో మాడుతూ ఉండేవట.

మన కోసం కాలు పోగొట్టుకున్నవారికి ఆనుకోవడానికి చోటివ్వకపోతే, మనకు నిద్రపోవడానికి చోటుండదు.