కదిలిన పొలిమేర రాయి

పెదకోనని ఏలే కొండమనాయకుడికి ఓ రోజు ఉజ్జయిని మీద కోపమొచ్చింది. తిన్నది అరక్క కాకపోతే ఏమిటి చెప్పండి!

"జ్యోతిష్కులంతా తూర్పు పడమరలు ఉజ్జయిని నుంచే లెక్కకడతారట. మేం దేంట్లో తీసిపోయాం?" అన్నాడు.

ఆస్థాన జ్యోతిష్కుడు పేరిభట్టు ఇలాంటి అదను కోసమే కాచుక్కూచున్నాడు. "ఇకమీదట మూలరేఖ తమరే ప్రభూ! తమరెక్కడుంటే లెక్క అక్కణ్ణుంచే మొదలు" అన్నాడు. రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

ఆ ఎండాకాలం రాజు కొండమీది విడిదిలో ఉండగా భట్టు పొలిమేర రాళ్ళన్నీ కొలిపించాడు. తూర్పు రాయి ప్రభువులకి ఆరు క్రోసుల దూరమని తేల్చాడు. వానలు పడ్డాయి, రాజు కోటకి దిగొచ్చాడు. మళ్ళీ కొలిస్తే అదే రాయి పది క్రోసులు!

"రాయి జరిపేశారు!" అని భట్టు గగ్గోలు పెట్టాడు. పొలిమేర రాయి జరిపినవాడికి ఆ రాజ్యంలో తల తీయడమే శిక్ష. రాయికి కావలి ఉండే ఎర్రప్పని కట్టి సభకి తెచ్చారు. "నేను ముట్టుకోలేదు దొరా!" అని పాపం వాడు లబోదిబోమన్నాడు.

రాజుకి తాంబూలం అందించే రంగసాని ఆ ఎర్రప్ప చెల్లెలే. ఆమె ఏమీ ఎరగనట్టు కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది.

"ప్రభూ, ఇవాళ విడెం ఇక్కడ చల్లగాలికి వేసుకోండి" అంది. రాజు లేచి వెళ్ళాడు.

వెంటనే రంగసాని గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో, జరిగిపోయాయి!"

"ఏమిటే జరిగింది?" అన్నాడు రాజు బిత్తరపోయి.

"రాజ్యంలోని పొలిమేర రాళ్ళన్నీను! ఇందాక సింహాసనం మీదున్నారు, ఇప్పుడు కిటికీ దగ్గరున్నారు. భట్టుగారి లెక్క ప్రకారం ఒక్క రాయీ చోటున లేదు. ఏం భట్టుగారూ, ఇప్పుడు ఎవరి తల తీయిద్దాం?"

"ప్రభువులు మళ్ళీ వచ్చి కూర్చుంటే అన్నీ సర్దుకుంటాయి" అని భట్టు నసిగాడు.

"అయితే రాజ్యం చెక్కుచెదరకుండా ఉండాలంటే, ప్రభువులు స్నానానికి కూడా లేవకూడదన్నమాట!" అంది రంగసాని.

సభంతా గొల్లుమంది. రాజు కోపంగా ఉండాలని చూశాడు గానీ, నవ్వాగలేదు. ఎర్రప్ప కట్లు విప్పించాడు. మెడలో ముత్యాలహారం తీసి రంగసానికిచ్చాడు.

"భట్టూ, లెక్కకి మూలం కదలనిదై ఉండాలయ్యా. కోట గుమ్మంలో ఓ రాయి పాతు. నీ చేత్తోనే!" అన్నాడు.

పట్టుపంచె ఎగదోపి భట్టు గడ్డపార పట్టాడు. ఎర్రప్ప పక్కనే నిలబడి బతిమాలాడు.

"కాస్త లోతుగా పాతండి బాబూ! ఇదీ కదిలిందంటే మళ్ళీ నా తలమీదికే వస్తుంది!"