చిలుక డాక్టరు కడుపులో దాచిన మాట

ఇప్పచెట్ల అడవి మొత్తానికీ ఒక్కడే డాక్టరు, చిలుక. హస్తవాసి మంచిది. నోటికి మాత్రం తాళం లేదు.

ఒకరోజు ముళ్ళపంది మంగాయి ఆయన దగ్గరికి వెళ్ళి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "డాక్టరు బాబూ, నా ముళ్ళు ఊడిపోతున్నాయి. మిగిలినవి కూడా దూదిలా వంగిపోతున్నాయి. ఎవరికీ తెలియనివ్వకండి."

"నీ మాట నా కడుపులోనే ఉంటుంది తల్లీ" అన్నాడు చిలుక.

ఉండలేదు. మధ్యాహ్నానికి కోతులకి చేరింది, సాయంత్రానికి నక్కకి. అన్నాళ్ళూ మంగాయి ఎదురైతే పక్కకి తప్పుకునే నక్క, "ఏం వదినా, దిండులా మెత్తబడ్డావటగా!" అంటూ వెంటపడింది. మంగాయి పడుతూ లేస్తూ ఒక రాతిసందులో దూరి ప్రాణం దక్కించుకుంది. కోపంతో పళ్ళు నూరింది. "జబ్బు నన్నేం చెయ్యలేదు, డాక్టరే చంపబోయాడు!"

తెల్లారగానే వైద్య మండలికి ఫిర్యాదు చేసింది. డాక్టరు రోగులతో ఎలా నడుచుకుంటున్నాడో విచారించే మండలి అది. అధ్యక్షుడు ఏనుగు, సభ్యుడు ఎలుగుబంటి. విచారణ చూడటానికి అడవి అంతా వచ్చి కూర్చుంది.

"రోగి మాట బయటపెట్టడం నేరం. పెట్టావా?" అడిగాడు ఏనుగు.

"రామ రామ! నేనా?" చిలుక రెక్కలతో చెవులు మూసుకున్నాడు. "సాక్షి ఎవరో చూపించమనండి."

మంగాయి కోతుల వైపు చూసింది. కోతులు ఆకాశం వైపు చూశాయి. రేపు జ్వరమొస్తే మళ్ళీ ఆ డాక్టరే కదా దిక్కు! అంతలో గర్వంగా ఈకలు సర్దుకుంటున్న చిలుకని చూడగానే ఆమెకో ఆలోచన తట్టింది.

"పొరపాటు నాదే అయ్యా" అంది నిట్టూర్చి. "ఈయనకి రహస్యాలేం తెలుస్తాయి! నాలాంటి పేదముండ తప్ప పెద్దవాళ్ళెవరైనా ఈయన గడప తొక్కుతారా?"

చిలుక మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి.

"ఎవరూ రారా? పులిదొరకి ఉరుమంటే భయం. మందిచ్చింది ఎవరు? కొండచిలువకి అజీర్తి. ఎవరికైనా చెప్పానా? అంతెందుకు, మన అధ్యక్షులవారు నిద్రలో పక్క తడుపుతారు! మొన్న కుందేళ్ళ బొరియలు మునిగితే అంతా వాననుకున్నారు. నేను నోరు విప్పానా?"

సభలో ఒక ముసలి కుందేలు నెమ్మదిగా తన ఒళ్ళు వాసన చూసుకుంది.

అంతే, అడవి దద్దరిల్లింది! కోతులు నవ్వలేక కొమ్మల మీంచి రాలిపడ్డాయి. మంగాయి బంతిలా చుట్టుకుని దొర్లింది. ఏనుగు రెండు చెవులతో ముఖం కప్పుకుని, "ఇందులో నా పరువు కూడా కలిసింది. నేను తీర్పు చెప్పకూడదు. ఎలుగూ, నువ్వే కానియ్" అన్నాడు.

ఎలుగుబంటి గొంతు సవరించుకున్నాడు. "ఈ వానాకాలమంతా చిలుక వైద్యం చెయ్యకూడదు. ఆ తర్వాత చేసినా ముక్కుకి నారకట్టుతోనే చెయ్యాలి."

"అన్యాయం!" అరిచాడు చిలుక. "ఎలుగుగారూ, మీ గజ్జి సంగతి నేనెప్పుడైనా..."

"ముందు ఆ కట్టు కట్టండర్రా!" ఎలుగుబంటి ఒక్క గెంతు గెంతాడు.

నీతి: రోగి చెప్పుకున్న బాధను దాచలేనివాడికి దాన్ని వినే అర్హత లేదు.