మూత లోపలి గీత

అనగనగా అన్నాను కదా అని ఏనుగులూ అంబారీలూ ఉన్న కాలం అనుకోకండి పిల్లలూ. చేతి గడియారాలు వచ్చేసిన తరవాతి అనగనగా ఇది.

సముద్రం పక్కన రేవులంక అనే ఊరు. ఆ ఊళ్ళో కనకాచారి అనే ఆయన గడియారాలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడంటే ఆగిపోయిన ఏ గడియారమైనా మళ్ళీ నడవాల్సిందే. ఆ సంగతి ఊరికి తెలుసు. ఊరికంటే ఎక్కువగా కనకాచారికే తెలుసు.

ఆ పనివాళ్ళకు ఒక ఆచారం ఉంది. గడియారాన్ని పూర్తిగా విప్పి, ప్రతి చక్రాన్నీ పెట్రోలులో కడిగి, కొత్త నూనె వేసి బిగించాక, వెనక మూత లోపలి వైపు సూదిమొనతో చిన్న గీత గీసి, పక్కన తారీకు వేస్తారు. అది గడియారం పెట్టుకున్నవాళ్ళకు కనబడదు. మళ్ళీ మూత తీసిన పనివాడికే కనబడుతుంది. “గీత గీశావంటే ఒట్టు వేసినట్టే నాయనా” అని కనకాచారికి గురువు చెప్పాడు.

ఆ ఊళ్ళోనే పోలిశెట్టి అనే ఉప్పు వర్తకుడు ఉండేవాడు. ఆయన ఉప్పుమళ్ళు ఉప్పుటేటికి అవతల ఉన్నాయి. సముద్రం పోటు తగ్గినప్పుడు ఏట్లో మోకాలి లోతు నీళ్ళే, నడిచి దాటొచ్చు. పోటు వచ్చిందంటే మనిషి నిలవడు. ఏ రోజు పోటు ఏ వేళకో పోలిశెట్టికి కంఠతా వచ్చు. ఆ వేళ అయిందని చెప్పేది మాత్రం ఆయన చేతి గడియారం.

అది ఆయన తండ్రి నాటి ఆటోమేటిక్ గడియారం. కీ ఇవ్వక్కర్లేదు. లోపల అర్ధచంద్రం లాంటి బిళ్ళ ఒకటి, చెయ్యి కదిలినప్పుడల్లా తిరిగి తానే కీ ఇచ్చుకుంటుంది. “నా చెయ్యి ఆడినన్నాళ్ళూ ఇదీ ఆడుతుంది” అని పోలిశెట్టి మురిసిపోయేవాడు.

మొదటిసారి దాని మూత తీసినప్పుడు కనకాచారి నాలుగు రోజులు కూర్చుని, అంతా విప్పి కడిగి, గీత గీశాడు. గడియారం అయిదేళ్ళపాటు వేళ తప్పలేదు.

ఆ తరవాత అది వేళ తప్పడం మొదలయ్యేసరికి, రెండోసారి పోలిశెట్టి హడావిడిగా వచ్చాడు. “ఆచారీ, రేపటికి కావాలయ్యా. ఇది లేకుండా నేను ఏరు దాటలేను” అన్నాడు.

నాలుగు రోజులు పడుతుందని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ కాదనడం కనకాచారికి చిన్నతనం. “మీకోసం రేపటికే ఇస్తాను శెట్టిగారూ” అన్నాడు. మూత తీస్తే లోపల తళతళలాడుతోంది. శుభ్రంగానే ఉందిగా, విప్పడం ఎందుకులే అనుకున్నాడు. పాత నూనె మీదే కొత్త నూనె చుక్క వేశాడు. గీత కూడా గీసేశాడు.

కొన్ని నెలలకు ఆ నూనె పాత మడ్డితో కలిసి జిగురయింది. గడియారం రోజుకు కొంచెం కొంచెంగా వెనకబడింది. నమ్మిన గడియారం కదా, పోలిశెట్టి మరో గడియారంతో సరిచూసుకోలేదు. ఒకరోజు దాన్ని చూసుకుని, ఇంకా వ్యవధి ఉందనుకుని ఉప్పుమళ్ళ నుంచి ఇంటికి బయల్దేరాడు. వ్యవధి లేదు. ఏటి మధ్యలో పోటు ఆయన్ని లాక్కుపోయింది.

మర్నాడు మడ అడవిలో శవమై దొరికాడు. అలలు చేతిని ఊపుతుంటే గడియారం ఇంకా నడుస్తూనే ఉంది, నలభై నిమిషాలు వెనకగా.

ఊరు ఊరుకుంటుందా? “ఇంకో బస్తా ఉప్పుకు ఆశపడి ఆలస్యం చేశాడు” అంది. ఆయన ఒక్కగానొక్క కూతురు వరాలు ఆ మాట విని విని నమ్మేసింది. తండ్రిని తలుచుకుంటే ఏడుపు రావాల్సింది పోయి కోపం వచ్చేది.

నెల తరవాత ఆమె ఆ గడియారం పట్టుకుని కనకాచారి దగ్గరికి వచ్చింది.

“ఆగిపోయింది, బాగుచెయ్యండి ఆచారిగారూ. ఒక్క సంగతి కూడా చెప్పండి. ఆ రోజు ఇది నలభై నిమిషాలు వెనకుంది. ఉప్పునీళ్ళు పోయి అలా అయిందా, ముందు నుంచే అలా ఉందా?”

కనకాచారి మూడోసారి మూత తీశాడు. అంచున కాస్త తుప్పు ఉంది. చక్రాల ఇరుసుల్లో మాత్రం నల్లటి జిగురు. మూత మీద తన రెండో గీత.

“నీళ్ళేనమ్మా” అంటే చాలు, ఎవరికీ తెలియదు. ఒకసారి నోరు తెరిచి మూసుకున్నాడు. రెండోసారి తెరిచి మూసుకున్నాడు. మూడోసారి నిజమే వచ్చింది.

“నీళ్ళు కాదమ్మా, నేను. మీ నాన్నగారు ఆలస్యం చెయ్యలేదు, గడియారాన్ని నమ్మి వేళకే బయల్దేరారు. కడక్కుండానే కడిగానని ఈ గీత గీశాను” అంటూ మూత ఆమె చేతిలో పెట్టాడు.

నెల రోజులుగా రాని ఏడుపు వరాలుకి అప్పుడొచ్చింది. “నాన్నా, నిన్నెంత తిట్టుకున్నాను!” అని వెక్కి వెక్కి ఏడ్చింది. కనకాచారీ ఏడ్చాడు. ఆమెను ఓదార్చే హక్కు తనకు లేదని అతనికి తెలుసు.

ఆ నిజాన్ని అతను ఊరందరి ముందూ చెప్పాడు. పోలిశెట్టి మీద నింద పోయింది. కనకాచారి దుకాణానికి మనుషులు రావడం మానేశారు. అతను మాత్రం ఆ ఒక్క గడియారాన్నీ ముందేసుకుని, తుప్పు తీసి, ఒక్కో చక్రాన్నీ కడిగి నిలబెట్టాడు. మూత బిగించే ముందు ఆ అబద్ధపు గీతను అరగదీయబోతే వరాలు చెయ్యి అడ్డుపెట్టింది.

“చెరపకండి. ఇకమీద దీన్ని తెరిచే ప్రతివాళ్ళకీ కనబడాలి. పక్కన మూడోది గియ్యండి.”

అతను గీశాడు. గీత వంకరపోయింది. వరాలు గడియారం పెట్టుకుంది. సన్నటి మణికట్టుకు అది వదులైంది. ఆమె చెయ్యి కదిలింది, గడియారం నడిచింది. తండ్రి మాత్రం రాలేదు.

పిల్లలూ, ఎవరూ చూడరని మూత కింద దాచిన పనిని ఏదో ఒకరోజు చేసినవాడే మూత తీసి చూడాల్సి వస్తుంది. ఆనాడు చెప్పిన నిజం నిందను తుడుస్తుందే గాని ప్రాణాన్ని తేలేదు, అందుకే నిజం ముందు చేసే పనిలో ఉండాలి.